గబ్బిలాలు చూసి చీకట్లో తిరిగొచ్చేటప్పుడు కయాక్ మీద ఏ లైటు ఉండాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు టెక్సాస్‌లో ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్‌లో ఉంటారు. గాలి నింపుకునే ఇద్దరి కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, కొత్తగా కొన్నారు. తొమ్మిదేళ్ల బాబుని తీసుకుని ఆస్టిన్ ఊళ్లోని లేడీ బర్డ్ లేక్‌లో కాంగ్రెస్ ఎవెన్యూ వంతెన దాకా వెళ్లి, సాయంత్రం దాని అడుగు నుంచి గబ్బిలాలు బయటికొచ్చేది చూసి రావాలనుకుంటున్నారు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి ఆన్‌లైన్ కార్ట్‌లో మూడు లైట్లు పెట్టుకున్నారు: నుదుటికి కట్టుకునే హెడ్‌ల్యాంప్, కయాక్ ముందు అతికించే ఎరుపు-ఆకుపచ్చ లైటు, టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటు. ఇవి సరిపోతాయా అన్నది మీ ప్రశ్న.

సరిపోవు. ఎరుపు-ఆకుపచ్చది తీసెయ్యండి. స్ట్రోబ్ కొనండి గానీ ఆన్ చెయ్యకండి. హెడ్‌ల్యాంప్ నుదుటికి కాకుండా మెళ్లో వేసుకోండి. అసలు కావాల్సినవి రెండూ మీ కార్ట్‌లో లేవు: కర్ర మీద వెలిగే తెల్ల లైటు ఒకటి, చేతికి అందేలా గట్టి టార్చ్ ఒకటి. ఎందుకో వివరంగా చెప్తాను. పదకొండేళ్లుగా ఈ నీళ్లల్లో తెడ్డు వేస్తున్నాను, ఇందులో చాలా తప్పులు నేనే చేసి నేర్చుకున్నాను.

మనవాళ్లందరూ కార్లు నడిపే అలవాటుతో నీళ్ల మీదికి వస్తారు. ఎదుటి బండికి హెడ్‌లైట్లు ఉంటాయి, ఆ వెలుగులో నేను కనిపిస్తాను అనుకుంటారు. పడవలకి హెడ్‌లైట్లు ఉండవు. మోటారు పడవ ముందు కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, పైన ఉండే తెలుపు, ఇవన్నీ అది ఇతరులకి కనబడటానికే. డ్రైవర్‌కి దారి చూపించవు. కొన్నింటికి ముందు పెద్ద లైట్లు ఉన్నా అవి రేవులో కట్టేటప్పుడు వాడేవి. వెళ్తూ ఉండగా వేస్తే ఆ వెలుగుకి డ్రైవర్‌కే కళ్లు చెదిరి ముందున్నది కనపడదు. అంటే చీకట్లో వచ్చేవాడికి మీ కయాక్ కనిపించాలంటే మీ దగ్గర వెలుగుతున్న దీపం ఒక్కటే ఆధారం. లైఫ్ జాకెట్ మీద మెరిసే టేపు, తెడ్డుకి అంటించే రిఫ్లెక్టర్లు మంచివే, నేనూ అంటించాను. కానీ ఎవరైనా టార్చ్ వేస్తే తప్ప అవి మెరవవు. వెతకడానికి వచ్చినవాళ్లకి పనికొస్తాయి, గుద్దబోయేవాడికి కాదు.

లేడీ బర్డ్ లేక్‌లో పెట్రోలు ఇంజన్లు నిషేధం కదా, భయమేముంది అని మీరు అనొచ్చు. నిజమే, అందుకే మొదటిసారికి ఇది మంచి చోటు. గబ్బిలాల టూర్ పడవలు కూడా ఎలక్ట్రిక్‌వే. కానీ అవి చప్పుడు లేకుండా వస్తాయి, అది గుర్తుంచుకోండి. ఇంకో రకం ఉంది, అసలు భయపడాల్సింది దానికే: రోయింగ్ పడవలు. సన్నగా, పొడుగ్గా ఉంటాయి, తెడ్డు వేసేవాడు తను వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు. మధ్యమధ్యలో మెడ తిప్పి చూసుకుంటాడు, అంతే.

నాకు తగిలింది అదే. కొత్తల్లో ఒక అక్టోబరు తెల్లవారుజామున, ఇంకా మసక చీకటిగా ఉండగానే నీళ్లల్లోకి దిగాను. నా లైటు ముందు డెక్కు మీద, నా మోకాళ్లకి ఎదురుగా ఉంది. బాగా వెలుగుతోంది, నాకు చాలా ధీమాగా ఉంది. వెనక నుంచి నీళ్లు చీలుతున్న చప్పుడు వినబడింది, తల తిప్పేలోపు ఒక తెడ్డు అంచు నా కయాక్ తోకని కొట్టింది. కయాక్ పక్కకి తిరిగింది, బోర్లా పడలేదు. ఆయన ఆగి, ఆయాసపడుతూ మొదట అడిగింది ఒకటే: నీకు లైటు లేదా? ఉంది, చూడండి అని చూపించబోయాను. అప్పుడు అర్థమైంది. లైటుకీ ఆయనకీ మధ్య నా వీపు ఉంది. తిరిగి చూసినప్పుడు ఆయనకి కనిపించింది చీకట్లో ఒక నల్లటి మూట. నల్ల జాకెట్ కూడా వేసుకున్నాను మరి, తప్పు ఆయనది అని ఎలా అంటాను?

అందుకే లైటు మన తల కంటే ఎత్తులో ఉండాలి, మన వెనక ఉండాలి. తల కంటే ఎత్తులో ఉంటే మన ఒళ్లు ఏ వైపూ అడ్డు రాదు. వెనక ఉంటే మన కళ్లల్లో పడదు. మా మామయ్య ఈ మాట నాకు నలభై ఏళ్ల క్రితమే చెప్పాడు, నేనే మర్చిపోయాను. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేరు పక్కన. తాటి దోనె మీద రాత్రిపూట వల చూసుకోవడానికి వెళ్తూ లాంతరు వెనక పెట్టేవాడు. ముందు పెట్టుకుంటే దీపమే కనిపిస్తుంది గానీ నీళ్లు కనిపించవురా అనేవాడు.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను. చుట్టూ అన్ని వైపులకీ కనిపించే తెల్ల లైటు, మీటరు పొడుగు కర్ర మీద ఉండేది కొనండి. ప్యాకెట్ మీద 2 నాటికల్ మైళ్ల (సుమారు 3.7 కిలోమీటర్ల) దూరానికి కనిపిస్తుందని రాసి ఉంటే మంచిది. 12 మీటర్ల లోపు పడవల మీద చుట్టూ కనిపించే లైటుకి రూల్స్ అడిగే దూరం అదే. కయాక్‌కి అంత అక్కర్లేదు కదా అని కొంతమంది వాదిస్తారు. గుడ్డి వెలుగు లైటు వంద మీటర్ల నుంచి గానీ కనపడలేదనుకోండి, గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే పడవకి ఆ దూరం తొమ్మిది సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లలో మీరు తెడ్డు వేసి జరగగలిగేది పది పన్నెండు మీటర్లు. అందుకని డబ్బులు ఎక్కడైనా మిగుల్చుకోండి గానీ ఇక్కడ వద్దు.

మీ గాలి కయాక్‌కి ఆ కర్ర దూర్చడానికి చేపల గాలం పెట్టుకునే రంధ్రం ఉండదు, సక్షన్ కప్పు ఆ బట్ట మీద పది నిమిషాలు కూడా నిలవదు. సీటు వెనక పట్టీలు కట్టుకోవడానికి ఉండే డి-రింగులకి రెండు పట్టీలతో కర్రని నిలువుగా బిగించండి. ఒక పట్టీ చాలదు, తెడ్డు వేసినప్పుడల్లా కర్ర ఊగుతుంది. ఊగే లైటు దూరం నుంచి ఆరి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. కర్రకి ఒక తాడు ముక్క కట్టి కయాక్‌కి ముడెయ్యండి. నా మొదటి కర్ర లైటు లామార్ వంతెన దగ్గర నీటి అడుగున ఉంది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

ఇంకో చిన్న పని. లైటు కింద వెలుగు కయాక్ మీద పడి తిరిగి మన కళ్లకి కొడుతుంది. మీది పసుపో తెలుపో అయితే మరీను. దీనికి నా దగ్గర ఉన్న మందు పెరుగు డబ్బా మూత. రెండు పౌండ్ల డబ్బా మూతకి నల్ల రంగు వేసి, మధ్యలో చిల్లు పెట్టి, కర్రలోకి దూర్చి లైటుకి అంగుళం కింద టేపుతో నిలబెట్టాను. దూరంగా ఉన్నవాడికి లైటు మామూలుగానే కనిపిస్తుంది, నా మీద మాత్రం నీడ పడుతుంది. మా ఇంట్లో దాన్ని గొడుగు అంటారు. నాలుగేళ్ల నుంచి అదే మూత.

చట్టం సంగతి. నీటి మీద దారి నియమాలు 1972లో అంతర్జాతీయంగా రాశారు, అమెరికా లోపలి జలాలకి కూడా దాదాపు అవే ఉన్నాయి. తెడ్లతో నడిచే పడవ గురించి 25వ నియమంలో ఉంటుంది. తెరచాప పడవలాగా రంగు లైట్లు పెట్టుకోవచ్చు, పెట్టుకోకపోతే తెల్లటి వెలుగు ఇచ్చే టార్చ్ గానీ వెలిగించిన లాంతరు గానీ చేతికి అందేలా ఉంచుకుని, గుద్దుకోకముందే చూపించాలి. అవును, ఇప్పటికీ లాంతరు అనే రాసి ఉంది. ఆ నియమానికి టార్చ్ చాలు, టెక్సాస్ చట్టం మాత్రం సూర్యుడు అస్తమించినప్పటి నుంచి ఉదయించేదాకా చుట్టూ కనిపించే లైటు వెలుగుతూ ఉండాలంటుంది. నాకూ టార్చ్ ఒక్కటే చాలదు. ఎందుకంటే ‘గుద్దుకోకముందే చూపించడం’ జరగాలంటే ముందు మీరు అవతలి పడవని చూసి ఉండాలి. వెనక నుంచి వచ్చేవాడి విషయంలో అది జరగదు, నాకు జరగలేదు.

ఎరుపు-ఆకుపచ్చ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. ఆ రంగులకి అర్థం ఉంది: ఎరుపు పడవ ఎడమ పక్క, ఆకుపచ్చ కుడి పక్క. ఒక్కో రంగు ముందు నుంచి పక్కకి 112.5 డిగ్రీల మేర మాత్రమే కనిపించాలి, వెనక వైపుకి వేరే తెల్ల లైటు ఉండాలి. అవతలివాడు ఒక్క ఎరుపే చూశాడంటే ఈ పడవ నా ముందు నుంచి ఎడమకి పోతోంది అని లెక్క వేసుకుంటాడు. గాలి కయాక్ ముక్కు తెడ్డు వేసిన ప్రతిసారీ అటూ ఇటూ తిరుగుతుంది. దాంతో అతనికి ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ కనిపించి, మీరు ఎటు వెళ్తున్నారో తెలియక తికమకపడతాడు. పైగా ముందు మీ అబ్బాయి కూర్చుని తెడ్డు అడ్డం పెడతాడు. ఇరవై డాలర్ల లైట్లలో రెండు రంగులూ ఒకదాంట్లోకి ఒకటి కారిపోతుంటాయి కూడా. తలకిందులుగా అతికించినవాళ్లని కూడా చూశాను, అప్పుడు అది తప్పు దారి చూపించే బోర్డుతో సమానం. తెల్ల లైటుకి ఆ గొడవ లేదు. లంగరు వేసిన పడవ కావచ్చు, అటు తిరిగి పోతున్న పడవ వెనక లైటు కావచ్చు, కయాక్ కావచ్చు, ఏదైనా సరే అతను చెయ్యాల్సింది ఒకటే: తప్పుకుని పోవడం.

స్ట్రోబ్ విషయంలో మాత్రం నేను కాస్త కటువుగానే మాట్లాడతాను. అమెరికా లోపలి జలాల నియమాల్లో నిమిషానికి 50 నుంచి 70 సార్లు కొట్టే తీక్షణమైన తెల్ల లైటు ఆపద సంకేతం. రక్షించండి అని అరవడం అన్నమాట. దాన్ని ఊరికే వేసుకుని తిరిగితే ఒకటి, ఎవరో ఒకరు 911కి ఫోన్ చేస్తారు. రెండు, నిజంగా ఆపద వచ్చిననాడు ఎవరూ పట్టించుకోరు. ఇవి అలా ఉంచండి, టపటపా కొట్టే లైటు ఎంత దూరంలో ఉందో చీకట్లో కన్ను అంచనా వెయ్యలేదు. స్ట్రోబ్‌ని లైఫ్ జాకెట్ భుజానికి తగిలించి ఆపి ఉంచండి. నీళ్లల్లో పడి, కయాక్ చెయ్యి జారిపోయినప్పుడు దాని అవసరం.

హెడ్‌ల్యాంప్ అందరికీ ఇష్టం, నాకూ ఒకప్పుడు ఇష్టమే. చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. నుదుటి మీద లైటు వేసుకుని ఒక్కసారి తెడ్డు వైపు చూస్తే ఆ అరగంట కష్టం పోతుంది. మీరు ఎవరితోనైనా మాట్లాడటానికి తల తిప్పితే వాళ్లదీ పోతుంది. మెళ్లో దండలాగా వేసుకోండి, ఆపి ఉంచండి. గట్టు మీద సామాను సర్దేటప్పుడు, గాలి తీసేటప్పుడు పనికొస్తుంది. ఎర్ర వెలుగు మోడ్ ఉంటే లోపల వెతుక్కోవడానికి వాడుకోండి, బయటికి మాత్రం చూపించకండి.

ఇక టార్చ్. ఐపీఎక్స్7 అని ఉన్నది తీసుకోండి. మీటరు లోతు నీళ్లల్లో అరగంట ఉన్నా పనిచేస్తుందని దానర్థం. తేలేది అయితే ఇంకా మంచిది. దాన్ని సంచిలో పెట్టకండి, లైఫ్ జాకెట్‌కి తాడుతో కట్టండి, ఏ చేత్తోనైనా చూడకుండా తీసి వేసేలా ఉండాలి. ఫోన్ టార్చ్ గురించి అడగకండి. తడి వేళ్లతో స్క్రీన్ మీద గీకుతూ ఉండగానే పడవ వచ్చేస్తుంది.

టార్చ్ వాడే పద్ధతి కూడా ఉంది. దూరంగా ఉండగానే ఒక్కసారి వాళ్ల వైపు తిప్పి చూపించండి, తర్వాత వెంటనే మీ మీదికి తిప్పుకోండి: మీ జాకెట్ మీద, ఎత్తి పట్టుకున్న తెడ్డు మీద. డౌన్‌టౌన్ ముందు నీళ్లల్లో హోటళ్ల లైట్లు, వంతెన లైట్లు వెయ్యి ముక్కలై కదులుతుంటాయి. వాటి మధ్య మీ తెల్ల లైటు ఇంకో ముక్కలాగే ఉంటుంది. కానీ వెలుగులో ఒక మనిషి, పైకి లేచిన తెడ్డు కనిపిస్తే ఏ కంటికైనా తెలిసిపోతుంది. కళ్లల్లోకి సూటిగా కొడుతూ ఉంటే మాత్రం అతనికి ఏమీ కనపడక నేరుగా మీ మీదికే వస్తాడు.

కొన్నాక నీళ్ల దగ్గరికి వెళ్లకముందు ఇంటి దగ్గర ఒక రాత్రి పరీక్ష చెయ్యండి. పార్కింగ్ లాట్‌లో కాస్త చీకటి మూల చూసుకుని కయాక్‌లో గాలి నింపి, ఇద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చోండి. మీ ఆవిడని వంద అడుగులు దూరం నడిచి మీ చుట్టూ ఒక రౌండ్ తిరగమనండి, మధ్యమధ్యలో కింద కూర్చుని కూడా చూడమనండి. రోయింగ్ పడవలో మనిషి కన్ను నీళ్లకి రెండు మూడడుగుల ఎత్తులోనే ఉంటుంది. లైటు ఎక్కడైనా మాయమైందంటే అక్కడే సరిచెయ్యండి. పక్కింటివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మా కాంప్లెక్స్‌లో అయితే సెక్యూరిటీ ఆయన వచ్చి, సంగతి విని, తను కూడా ఒక రౌండ్ తిరిగాడు.

బాబు సంగతి. టెక్సాస్‌లో 26 అడుగుల లోపు పడవ కట్టెయ్యకుండా, లంగరు వెయ్యకుండా నీళ్ల మీద ఉన్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, ఒళ్లో పెట్టుకుంటే కుదరదు. మీరూ వేసుకోండి. అతని జాకెట్ వెనక, మెడ దగ్గర, నీళ్లు తగలగానే వెలిగే చిన్న లైటు ఒకటి తగిలించండి. పడినప్పుడు ముఖం ఎటున్నా అది కనిపిస్తుంది. ఒక ఈల కూడా కట్టండి, ఎప్పుడు ఊదాలో చెప్పండి, లేకపోతే ఊరికే ఊదుతూనే ఉంటాడు.

ఆ సాయంత్రం ఎలా ఉంటుందంటే, జూలైలో ఇక్కడ ఎనిమిదిన్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. జిల్కర్ పార్క్ వైపు నుంచి దిగితే వంతెన దాకా ఒకటిన్నర రెండు మైళ్లు ఉంటుంది, వెలుగుండగానే చేరుకోండి. బయల్దేరిన నిమిషంలో ఒకసారి వెనక్కి తిరిగి ఆ గట్టు ఎలా ఉందో, పైన ఏ లైటు స్తంభం ఉందో చూసుకోండి. చీకట్లో గట్లన్నీ ఒకేలా ఉంటాయి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మీ కుడి చేతి వైపు ఉన్న గట్టు పక్కనే ఉండండి, రోయింగ్ వాళ్లు ఆశించేది అదే. తెల్ల లైటు సూర్యుడు అస్తమించగానే వేసెయ్యండి, చీకటి పడేదాకా ఆగొద్దు. మసక వేళే ఎక్కువ మోసం చేస్తుంది: మనకి అన్నీ కనిపిస్తున్నట్టే ఉంటుంది, మనం మాత్రం నీళ్ల రంగులో కలిసిపోయి ఉంటాం.

వంతెన దగ్గర లైటు గబ్బిలాలకి ఇబ్బంది కదా అని మీకు అనుమానం రావచ్చు. పైకి టార్చ్ కొట్టడం, ఫ్లాష్‌తో ఫొటోలు తీయడం తప్పు. 1980లో వంతెనని మార్చి కట్టినప్పుడు అడుగున మిగిలిన సన్నటి సందుల్లో అవి కాపురం పెట్టాయి. పదిహేను లక్షల దాకా ఉంటాయని లెక్క. ఎక్కువ భాగం తల్లులు, అక్కడే పిల్లల్ని కంటాయి. కర్ర లైటుకి కింద పెట్టినట్టే పైన కూడా ఒక మూత పెడితే వెలుగు పక్కలకే పోతుంది. వంతెన సరిగ్గా కింద కాకుండా తూర్పు పక్కన కాస్త ఎడంగా ఆగితే ఇంకా నయం, ఎక్కువగా అవి అటే పోతాయి. లైటు ఆపేసి మాత్రం ఉండొద్దు. ఆ అరగంటలో అక్కడ డజన్ల కొద్దీ కయాక్‌లు, టూర్ పడవలు, బోర్డుల మీద నిలబడ్డవాళ్లు, అందరూ తలెత్తి పైకే చూస్తుంటారు. ముందు చూసేవాడు ఒక్కడూ ఉండడు.

ఇది బాగుంది కదా అని ఈ సామానుతోనే ఒక శనివారం రాత్రి ట్రావిస్ లేక్‌కి వెళ్తానంటే మాత్రం వద్దంటాను. అక్కడ పెద్ద ఇంజన్లు, కొంతమంది తాగి నడిపేవాళ్లు, పెద్ద పడవల అలలు. నేను వెళ్లినా ముగ్గురు నలుగురితో, వాగు మూలల్లోనే తిరుగుతాను. సముద్రపు వైపు, పోర్ట్ అరాన్సస్ లాంటి చోట్ల అయితే ఇంకో లెక్క: కోస్తా జలాల్లో రాత్రిపూట కయాక్‌కి కూడా ఆపద సంకేతం దగ్గర ఉండి తీరాలి. తనంతట తనే ఎస్ఓఎస్ కొట్టే ఎలక్ట్రిక్ లైటు దొరుకుతుంది. అక్కడి రేవుల కింద చేపల కోసం వేసే ఆకుపచ్చ లైట్లని చూసి పడవ అనుకుని నేను ఒకసారి పావుగంట దారి ఇచ్చి ఆగాను.

బ్యాటరీలు ప్రతిసారీ కొత్తవి వెయ్యక్కర్లేదు, కానీ ఒక జత జిప్‌లాక్ కవర్లో వెంట ఉండాలి. రీచార్జ్ లైట్లు చివరిదాకా బాగా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతాయి, అందుకని కర్ర లైటుకి నేను మామూలు సెల్సే వాడతాను.

ఇద్దరూ అంచు ఉన్న టోపీలు పెట్టుకోండి. గబ్బిలాలు నెత్తి మీద నుంచి పోయేటప్పుడు సన్నటి జల్లు పడుతుంది, అది వాన కాదు. నోరు మూసుకుని పైకి చూడమని బాబుకి ముందే చెప్పి పెట్టండి.